ఎడమ ఊపిరి

బొమ్మకి గొంతు నాది.
డులూత్‌లో, ఆస్పత్రి మూడో అంతస్తులో,
ఒకవైపు నుంచే కనబడే అద్దం వెనక
మైకు ముందు కూచుని దగ్గుతాను, మూలుగుతాను,
"నాకేం కాదు కదమ్మా" అని అడుగుతాను.
ఒక మీట నొక్కితే నాడి పరిగెడుతుంది,
ఇంకోటి నొక్కితే పెదాల కింద నీలం దీపం.
అంతకుముందు పదకొండేళ్లు
ఇనప ఖనిజం మోసే ఓడల్లో, ఇంజను గదిలో పనిచేశాను.
పెద్ద తేడా లేదు.
ఏదీ ఆగిపోకుండా చూడటం అక్కడ,
వేళకి ఆగిపోయేట్టు చూడటం ఇక్కడ.

ఆ శుక్రవారం సరస్సు అంచులు గడ్డకట్టాయి.
ఐదో నంబరు అభ్యర్థి వెర్నా కస్కి,
వయసు యాభై నాలుగు,
మత్తు ఇచ్చే నర్సుగా ఇరవై ఆరేళ్లు.
ఆ ఇరవై ఆరేళ్లనీ ఇరవై నిమిషాల్లో తూచాలని
కొత్తగా ఎవరో రూలు పెట్టారు.
వేలమందిని నిద్రపుచ్చి, లెక్క తప్పకుండా లేపిన మనిషి
బడిపిల్లలా ఛాతీకి నంబరు అంటించుకుని
తలుపు దగ్గర నిలబడింది.
చేతులు రెండుసార్లు కడుక్కుంది,
ప్లాస్టిక్ మనిషి కోసం.

నా కాగితంలో అంతా రాసే ఉంది.
రోగి వడ్రంగి, అరవై ఏళ్లు, పిత్తాశయంలో రాళ్లు.
ఎనిమిదో నిమిషంలో రక్తపోటు పడాలి.
పదో నిమిషంలో ఒళ్లంతా దద్దుర్లు.
ఆమె ఎడ్రినలిన్ అనాలి, అంటే ఒక టిక్కు.
సాయానికి పిలిస్తే ఇంకో టిక్కు.
ముప్పై రెండు గడులు,
నా పక్కన ఇద్దరు పరీక్షకులు, రెండు పెన్సిళ్లు.

ఆమె బొమ్మతో మాట్లాడింది, నాతో అన్నమాట.
"ఏం చేస్తుంటారు మీరు?"
"కర్రపని. కుర్చీలు."
"ఊగేవా?"
కాగితంలో లేదు. "ఊగనివి" అన్నాను, తోచక.
నవ్వింది. మాస్కు పెట్టింది.
నేను నోరు మూసుకున్నాను.

గొట్టం దిగింది.
స్టెతస్కోపు కుడివైపు పెట్టింది. ఎడమవైపు పెట్టింది.
మళ్లీ ఎడమవైపు.
అక్కడే ఆగిపోయింది.

మంగళవారం నుంచీ తెలుసు నాకు.
ఎడమ గాలితిత్తి చిరిగింది.
కొత్తది రావాలంటే మూడు వారాలు, నాలుగు సంతకాలు.
టేపు వేసి ఊరుకున్నాను.
పొద్దుట్నుంచి నలుగురు విన్నారు,
నలుగురూ "రెండువైపులా బాగుంది" అన్నారు,
నలుగురికీ టిక్కులు పడ్డాయి.

పదకొండు సెకన్లు.
థియో బ్రాండ్‌వోల్డ్ పెన్సిలు "తటపటాయింపు" గడి మీద వాలింది.
ఇమానీ రూక్ పెన్సిలు ఇంకా గాల్లోనే ఉంది.
తెర మీద అంకెలన్నీ చక్కగానే ఉన్నాయి,
నేను పెట్టినవే కదా.
ఆమె తెర చూడలేదు.
రొమ్ము మీద అరచెయ్యి ఆనించి
గొట్టం రెండు సెంటీమీటర్లు వెనక్కి లాగింది.
మళ్లీ వింది.
తలెత్తి, అద్దంలో తన్ను తానే చూస్తూ,
అంటే సూటిగా నా కళ్లలోకి చూస్తూ, అంది:
"ఎడమవైపు ఊపిరి ఆడటం లేదు.
మీ బొమ్మ చిరిగైనా ఉండాలి,
ఈయన ఊపిరితిత్తి కూలైనా ఉండాలి.
ఏదో తేలేదాకా నేను ఈయన పక్షమే.
సర్జన్ గారూ, కత్తి పెట్టకండి.
ఇంకొకర్ని పిలవండి, లావు సూది తెండి."

ఎనిమిదో నిమిషం వచ్చింది, వెళ్లింది.
నా వేలు మీట మీదే ఉంది,
నొక్కలేకపోయాను.

మత్తులో ఉన్న రోగి మాట్లాడకూడదు.
ఈ ఉద్యోగంలో మొదట నేర్పేది అదే.
మైకు నొక్కాను.
"బొమ్మే చిరిగింది" అన్నాను,
వడ్రంగి గొంతుతోనే, అలవాటుకొద్దీ.
"టేపు వేసింది నేను."

ఎవరూ నవ్వలేదు.
థియో రబ్బరు కోసం జేబులు వెతుక్కుంటున్నాడు.
వెర్నా బొమ్మ మీంచి చెయ్యి తియ్యకుండా
"ఎప్పట్నుంచి?" అంది,
ఏ రోగినైనా అడిగినట్టే.
"మంగళవారం నుంచి."
తలూపింది. గోడ గడియారం చూసి
చార్టులో రాసుకుంది.